మూడు ప్రాణాల కౌలు

మైక్రోఫిల్మ్ యంత్రం పిడి తిప్పీ తిప్పీ కొరీన్ టార్బటన్ కుడి భుజం మధ్యాహ్నానికల్లా పట్టేసింది. తెర మీద ఎప్పటివో గుమాస్తాల రాతలు, కొక్కేలూ తోకలూ తప్ప అక్షరాలు లేనట్టు, ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. మూడేళ్లుగా ఆమె మంగళవారాలన్నీ ఇలాగే తగలబడుతున్నాయి. పొద్దున్నే సముద్రపు పాయ మీది బే వంతెన దాటి రాజధాని అనాపొలిస్ రావడం, చేతిసంచీ గుమ్మం దగ్గర అరలో పెట్టి తాళం వేయడం, పెన్సిలు ఒక్కటి పట్టుకుని ఈ దస్తావేజుల గదిలోకి నడవడం, సాయంత్రం ఉత్త చేతులతో మళ్లీ వంతెన ఎక్కడం. ఆ వంతెనంటే ఆమెకి భయం. నడిమధ్యన, రెండు పక్కలా నీళ్లు తప్ప మరేమీ కనిపించని చోట, ఊపిరి బిగబట్టి ముందు కారు వెనక దీపాలే చూస్తూ నడుపుతుంది.

పోనీ వెతికేది తనవాళ్లనా అంటే అదీ కాదు. అత్తగారు మిస్ యూడోరా పుట్టింటివాళ్లని. ఆ తీరాన పెద్దావిడలు పెళ్లయినా, పిల్లలున్నా మిస్సులే. ఎనభై నాలుగేళ్ల ఆ మనిషికి చచ్చేలోగా తీరాల్సిన కోరిక ఒక్కటే మిగిలింది. 'తూర్పు తీరపు ఆది భూస్వాముల వారసుల సంఘం'లో సభ్యురాలు కావాలి. అందుకు, రాజులు ఏలిన రోజుల్లో ఈ తీరాన సొంత నేల ఉన్న పూర్వీకుడు ఒకడు దొరకాలి. అతని దగ్గర్నుంచి ఆమె దాకా ఏ తరానికా తరం కాగితం రుజువు ఉండాలి. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే ఆ సంఘం ఒప్పుకోదు. నెయ్యి తాగిన గిన్నె కూడా తెచ్చి చూపించమంటుంది.

మిస్ యూడోరా పుట్టింటి పేరు మెరిక్. లెవిన్ మెరిక్ అనే ఆయన దాకా రుజువులన్నీ కుదిరాయి. ఆ లెవిన్ ఎవరి కొడుకో చెప్పే కాగితమే లేదు. ఊళ్లో అందరూ ఐజక్ మెరిక్ కొడుకనే అంటారు. ఐజక్‌కి వాగు ఒడ్డున మూడు వందల ఎకరాలుండేవి. ఆ రోజుల్లో ప్రతి నేల చెక్కకీ ఒక పేరు పెట్టేవారు. ఐజక్ తన నేలకి 'మెరిక్ మంకుపట్టు' అని పెట్టుకున్నాడు. ఆ ఐజక్ పెద్దకొడుకు జాన్ వంశమని చూపించే మిస్ వినిఫ్రెడ్ సడ్లర్ నలభై ఏళ్ల కిందట సంఘంలో చేరింది. ఇప్పుడు ఆవిడే అధ్యక్షురాలు. జాన్ తమ్ముడే లెవిన్ అని లోకమంతా అనుకుంటుంది గానీ, అనుకోవడం సంఘానికి పనికిరాదు. మిస్ యూడోరా దరఖాస్తు ఒకసారి తిరిగొచ్చింది.

"ఈ కాగితం పని అయ్యేదాకా మీతోనే ఉంటాను," అని కొరీన్ అప్పుడు మాటిచ్చింది. అప్పటికి ఆమె మొగుడు వెస్లీ పోయి ఏడాది. డెలవేర్ సముద్రపు ఒడ్డున చెల్లెలు మేవిస్ ఆమె కోసం ఒక గది ఖాళీగా ఉంచింది. "ఈ అక్టోబరు దాకా చూస్తానే అక్కా, ఆ తర్వాత ఎవరికో ఒకరికి అద్దెకిచ్చేస్తా," అని మొన్న వేసవిలోనే చెప్పేసింది. ఇది అక్టోబరే.

పిడి మరో రెండు చుట్లు తిరిగేసరికి 'లెవిన్' అన్న పేరు తెర మీదకి వచ్చింది. కొరీన్ చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పి మొదటి నుంచి, తెర మీద వేలు ఆనించి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. ఐజక్ మెరిక్. అతని భార్య రేచల్. వాళ్ల కొడుకులు జాన్, లెవిన్.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. సంతోషం వస్తుందేమోనని చూసింది. ఆకలి వేసింది.

అప్పుడు మిగతాది చదివింది. అది క్రయపత్రం కాదు, కౌలు కాగితం. కాలనీకంతటికీ యజమాని అయిన ప్రభువుగారి సొంత జాగీరులో నూరెకరాలు ఐజక్‌కి కౌలుకిచ్చారు. గడువు ఏళ్లలో లేదు, ప్రాణాల్లో ఉంది. రేచల్, జాన్, లెవిన్. ఈ ముగ్గురిలో ఆఖరి ప్రాణం ఉన్నంతవరకూ నేల వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ ప్రాణం పోయిననాడు నేల తిరిగి ప్రభువుగారిది. ఈలోగా ఐజక్ అడవి కొట్టాలి, ఇటుక పొగగూడు పెట్టి ఇల్లు కట్టాలి, వంద ఆపిల్ మొక్కలు నాటి కంచె వేసి పెంచాలి, ఏటా పొగాకూ, క్రిస్మస్‌కి బలిసిన కోళ్లు రెండూ ఇచ్చుకోవాలి.

మూడు వందల ఎకరాల ఆసామి కోళ్లు చంకన పెట్టుకుని ఇంకొకరి గుమ్మం ముందు ఎందుకు నిలబడతాడు? కొరీన్‌కి అక్కడే అనుమానం తగిలింది. మెరిక్ మంకుపట్టు సగం వాగుకి అవతల పక్క జిల్లాలో ఉందని పటంలో ఎప్పుడో చూసింది. అటు వీలునామాలు వెతకాలని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు. ఆ రీలు అడిగి తెచ్చుకుంది. అక్కడున్నాడు ఇంకో ఐజక్ మెరిక్. పెళ్లే కాలేదు. మూడు వందల ఎకరాలనీ, ఆవుల్నీ, మంచాల్నీ, పేర్లు రాసిన ముగ్గురు బానిసల్నీ మేనకోడళ్లకి రాసి పోయాడు. పక్క బల్ల దగ్గర నల్లవాళ్ల పెద్దాయన ఒకాయన అలాంటి వీలునామాల్లోంచే తనవాళ్ల పేర్లు ఏరుకుని పెన్సిలుతో రాసుకుంటున్నాడు. ఈ ఐజక్ తమవాడు కానందుకు కొరీన్‌కి ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. ఒక్క క్షణమే. ఒకే పేరున్న ఇద్దర్ని కలిపి కుట్టి మిస్ వినిఫ్రెడ్ నలభై ఏళ్ల కిందట ఒక మనిషిని చేసింది. అందులో భూస్వామికి పిల్లల్లేరు, పిల్లలున్నవాడికి భూమి లేదు.

కౌలు కాగితానికి నకలు తీయించుకుని ఆమె బయటికి వచ్చింది. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టయింది. ఆ ఎలుకని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి మిస్ యూడోరా వంటింటి బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కళ్లు సరిగా ఆనవు గానీ వేళ్లకి అలవాటే. గింజలు గిన్నెలో, తొక్కలు ఒళ్లో.

"దొరికాడా మీ ముసలాడు?" అంది తలెత్తకుండానే. ఐజక్‌ని ఆవిడ ఎప్పుడూ కొరీన్ మనిషి అన్నట్టే మాట్లాడుతుంది.

"లేదు మిస్ యూడోరా. ఇంకా చూడాలి."

"చూడు, చూడు. నేనెక్కడికీ పోవట్లేదులే. పోతే ముందు నీకే చెబుతా."

కొరీన్ కోటు తగిలించి, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని అత్తగారి కాళ్ల దగ్గర కింద కూర్చుంది. పొద్దున ఆవిడకి తొడిగిన బిగుతు మేజోళ్లు సాయంత్రం విప్పాలి. మోకాలి దగ్గర అంచు పట్టుకుని, చర్మం లేచి రాకుండా, మడమ దాకా కొద్దికొద్దిగా చుట్టుకుంటూ రావాలి. ఉబ్బిన కాళ్ల మీద అల్లిక అచ్చులు ఎర్రగా పడ్డాయి. వెస్లీ ఉన్నన్నాళ్లూ ఈ పని వెస్లీదే. మిస్ యూడోరా చెయ్యి చాపింది, కొరీన్ ఆ చేతికింద భుజం పెట్టి లేపింది. మాటల్లేవు. ఆ చెయ్యి లేచిందంటే లేపమని.

"శనివారం విందుకి వినిఫ్రెడ్ పిలిచింది," అంది మిస్ యూడోరా, మంచం దాకా నడుస్తూ. "ఈ ఏడు కూడా అతిథిగానే. వంటగది తలుపు పక్క బల్ల. ఆ తలుపు గాలికి నా మెడ పట్టేస్తుంది, అయినా వెళ్తా."

"మానేద్దాం పోనీ."

"ఎందుకు మానాలి? వాళ్ల పేర్లు పిలిచినప్పుడు వాళ్లు లేచి నిలబడతారే, అది చూడాలి నాకు. ఐజక్ మెరిక్ అనగానే వినిఫ్రెడ్ ఒక్కతే లేస్తుంది. దాని నడుమూ నా నడుములాగే వంగిపోయింది, అయినా ఎంత నిటారుగా నిలబడుతుందో."

బుధవారం పొద్దున కొరీన్ మిస్ వినిఫ్రెడ్ ఇంటికి వెళ్లింది. దరఖాస్తు మీద మొదటి సంతకం అధ్యక్షురాలిదే కావాలి. అంతకంటే నిజమేమిటంటే, ఏం చేయాలో ఇంకెవరైనా చెబితే బాగుండునని ఉంది ఆమెకి. నది కనిపించే వరండాలో డెబ్భై ఎనిమిదేళ్ల మిస్ వినిఫ్రెడ్ భూతద్దం పెట్టుకుని నకలు చదివింది. చివరిదాకా వచ్చి మళ్లీ మొదలుకి వెళ్లింది. గట్టు మీద దిగిన బాతులు గోల చేస్తున్నాయి. గుండె మీద సంఘం పిన్ను, బంగారు నాగలి బొమ్మ, ఇంట్లో ఉన్నా పెట్టుకునే ఉంది.

"రెండో ఐజక్ వీలునామా కూడా చూశావా?"

"చూశాను. పిల్లల్లేరు."

ఆవిడ భూతద్దం మడిచి గౌను మీద రాసి తుడిచింది. శుభ్రంగానే ఉందది.

"ఇది సంఘం పెద్దాఫీసుకి వెళ్తే ఏమవుతుందో తెలుసా కొరీన్? ఐజక్ మెరిక్ శాఖ మూసేస్తారు. మూసేస్తే, ఇదివరకే లోపలికొచ్చినవాళ్ల జోలికి పోరు. నేను ఉంటాను, నా కూతురు ఉంటుంది. మా పిన్నులు మావే. కొత్తగా మాత్రం ఎవర్నీ రానివ్వరు."

"అంటే మిస్ యూడోరా..."

"ఇక లోపలికి రానివ్వరు. నా మనవరాలికీ దారి లేదు. దానికి ఈ క్రిస్మస్‌కి పద్దెనిమిది నిండుతాయి. చేర్పిస్తానని మాటిచ్చాను."

కొరీన్‌కి ఒళ్లు మండింది. తప్పు కాగితం పెట్టినవాళ్లు లోపల, ఒప్పు కాగితం తెచ్చినవాళ్లు బయట. "ఇదేం న్యాయం మిస్ వినిఫ్రెడ్?" అంది.

"న్యాయం కాదు, నిబంధన. నేను రాయలేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "నేను కావాలని చేసిన తప్పు కాదు పిల్లా. పట్టా మీద ఐజక్ మెరిక్ అని ఉంది, మా ఇంటి బైబిల్లో ఐజక్ మెరిక్ అని ఉంది. మా అమ్మ రెండూ పక్కపక్కన పెట్టి, ఇడుగో మనవాడు అంది. ఎవరైనా అంతే అనుకుంటారు."

"అవును, ఎవరైనా," అంది కొరీన్. తనూ మూడేళ్లు అంతే అనుకుంది.

"ఒక మాట చెప్తా విను. లెవిన్, జాన్ అన్నదమ్ములని మా అమ్మమ్మ చెప్పగా విన్నానని నేను రాసిస్తాను. అబద్ధం కాదుగా, అన్నదమ్ములేనని నువ్వే తేల్చావు. రిజిస్ట్రారు మిసెస్ పెల్ నా మాట కాదనదు. శనివారం విందులో కవరు ఆవిడ చేతికిచ్చెయ్. వసంతానికి యూడోరా గుండె మీద పిన్ను ఉంటుంది."

"మరి ఈ కౌలు కాగితం?"

"అది ఎక్కడుండాలో అక్కడే ఉందిగా, రీలులో. ఇన్నేళ్లూ దాన్నెవరు కదిపారు?"

కొరీన్ నదివైపు చూసింది. వద్దని చెప్పడానికి కావలసిన ఓపిక తనలో ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంది. మేవిస్ ఇంట్లో ఆ గదికి తూర్పున కిటికీ ఉంది. పొద్దున్నే లేవక్కర్లేదు, తొడుగులు వేసుకోనక్కర్లేదు, వంతెన లేదు. "సరే," అంది. అని, కప్పులో కాఫీ చల్లారిపోయినా తాగేసి లేచింది.

ఆ కబురు మిస్ యూడోరాకి గురువారం భోజనాల దగ్గర చెప్పింది. "దారి దొరికింది. మిస్ వినిఫ్రెడ్ రాసిస్తానంది. మీ లెవిన్ ఐజక్ కొడుకేనని."

మిస్ యూడోరా చెంచా కింద పెట్టింది. సంబరపడుతుందనుకుంటే కళ్లు చికిలించి చూసింది.

"నలభై ఏళ్లు నోరు మెదపలేదే ఇది! చర్చిలో నా పక్కనే కూచుని, 'చుట్టరికం ఏమో యూడోరా, రుజువు లేదు కదా' అనేది. ఇవాళ ఊరికే రాసిస్తానందా? ఏం పెట్టావు దానికి?"

"ఏం పెట్టలేదు."

"కొరీన్. నా కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు. నీ గొంతులో ఏదో అడ్డం పడింది. కక్కు."

కొరీన్ ఇంకొక్క మాట అబద్ధం ఆడగలిగితే ఆడేసేది. చేతకాలేదు. సంచీలోంచి నకలు తీసి బల్ల మీద పరిచింది. మిస్ యూడోరా దాన్ని తాకలేదు. "చదువు," అంది.

కొరీన్ చదివింది. పేర్లు వచ్చినప్పుడు మిస్ యూడోరా తల ఊపింది. కౌలు అన్న మాట దగ్గర ఆ ఊపు ఆగిపోయింది. అడవి కొట్టడం, పొగగూడు, పొగాకు, అన్నీ విన్నది.

"మళ్లీ చదువు, ఆ చెట్ల సంగతి."

"వంద ఆపిల్ మొక్కలు. కంచె వేసి, ఎండినవాటి చోట కొత్తవి పెట్టి..."

"పరాయి నేల మీద."

"అవును."

"కాయలు కాసేసరికి ఎవరి నేలో, ఎవరి చెట్లో." ఆవిడ నవ్వింది. అది నవ్వో దగ్గో కొరీన్‌కి అంతుపట్టలేదు. "మా నాన్నా అంతేనే. ఎప్పుడూ ఇంకొకరి పొలమే. కొత్త సంవత్సరం వచ్చిందంటే కొంప మారాల్సిందే. ఇనప పొయ్యిని వేడి ఆరకుండానే బండిలోకి ఎక్కించేవాళ్లం. నేను మా అమ్మ గోనెసంచుల మధ్య కూచుని పిల్లిని పట్టుకునేదాన్ని. వినిఫ్రెడ్ వాళ్ల పొలంలో కూడా ఒక ఏడు ఉన్నాం. దానికి గుర్తుందో లేదో. నాకుంది."

కొరీన్ ఈ ఇంటికి కోడలుగా వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. ఈ మాట ఇదే వినడం. ఎందుకు ఆ భూస్వామి కావలసి వచ్చాడో ఇప్పుడు తెలిసింది. గొప్పలకు పోయే ముసలిదని లోలోపల విసుక్కున్నందుకు సిగ్గేసింది.

"ఆ ముగ్గురిలో ఆఖరున పోయిందెవరు?" అంది మిస్ యూడోరా.

"లెవినే."

"అతను పోయాక?"

"కౌలు తీరిపోయింది. ఇల్లు ఖాళీ చేయాలి. భార్యా పిల్లలూ పక్క జిల్లాలో కనిపిస్తారు, నేల లేనివాళ్ల పన్ను జాబితాలో."

"భార్య. అంటే రేచల్ కోడలు." మిస్ యూడోరా కిటికీ వైపు తిరిగింది. అక్కడ ఆవిడకి వెలుతురు తప్ప ఏమీ కనిపించదని కొరీన్‌కి తెలుసు. "ఆ పొయ్యి ముందు ఎన్నేళ్లు వంగి ఉంటుందో. ఆ చెట్లకి ఎన్ని నీళ్లు మోసి ఉంటుందో. అది బతికే ఉంది, దాని ప్రాణం మాత్రం లెక్కలో లేదు."

"మిస్ వినిఫ్రెడ్ చెప్పినట్టు చేయమంటారా, వద్దా?"

"నన్ను పడుకోబెట్టు," అంది ఆవిడ, చెయ్యి చాపుతూ.

శుక్రవారం మళ్లీ అడగడానికి కొరీన్‌కి ధైర్యం చాలలేదు. దరఖాస్తు బల్ల మీద పెట్టి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి చూపించింది. మిస్ యూడోరా కలం గట్టిగా పట్టుకుని, ముఖం కాగితానికి ఆనేంతగా వంగి, మారుమాట లేకుండా సంతకం చేసింది. మిస్ వినిఫ్రెడ్ రాసిచ్చిన కాగితం కూడా అందులో పెట్టి కొరీన్ కవరు అంటించి తన సంచీలో పెట్టుకుంది. కౌలు నకలు మాత్రం ముసలావిడే అడిగి తీసుకుని నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచీలో దాచుకుంది. "నాది నా దగ్గర ఉండనీ," అంది. అంటే దాచేద్దామనే కాబోలు. కొరీన్ పెరట్లోకి వెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది.

"నెలాఖరుకి వచ్చేస్తున్నానే."

"నమ్మమంటావా?" అంది మేవిస్. "కిందటేడూ ఇదే పాట పాడావు."

"ఈసారి నిజం. రేపటితో అయిపోతుంది."

శనివారం విందు పాత చర్చి హాల్లో. పీతల సూపు, కోడి సలాడు, వెన్న రాసిన రొట్టెలు, ఐసు టీ. ముత్యాల పేటలూ నాగలి పిన్నులూ పెట్టుకున్న ఆడవాళ్లు, మెడ బిగిసే టైలు కట్టుకున్న మగవాళ్లు నలుగురైదుగురు. మిస్ యూడోరా నీలం ఉన్ని గౌను వేసుకుంది. వంటగది తలుపు పక్క బల్ల దగ్గర వాళ్లతోపాటు పాస్టరుగారి భార్యా, ఇంకో చెవిటి అతిథీ. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ మీద గాలి కొడుతూనే ఉంది. ముందు బల్ల దగ్గర్నుంచి మిస్ వినిఫ్రెడ్ కొరీన్ వైపు చూసి చిన్నగా తల ఊపింది. కవరు తర్వాత, కాఫీ వేళకి, అని దాని అర్థం.

సూపు గిన్నెలు తీసేశాక మిసెస్ పెల్ కళ్లజోడు సర్దుకుని లేచింది. ఏటా జరిగేదే, పూర్వీకుల పిలుపు. ఆవిడ ఒక్కో భూస్వామి పేరూ, అతని నేల పేరూ చదువుతుంది. అతని వారసులు లేచి నిలబడతారు. తర్వాతి పేరు చదివేదాకా అలాగే ఉండి కూర్చుంటారు. కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఒక పేరుకి ఒకరు, ఒక పేరుకి ఒక బల్లంతా. అతిథులు తలలు తిప్పి చూస్తున్నారు.

"ఐజక్ మెరిక్. మెరిక్ మంకుపట్టు."

మిస్ వినిఫ్రెడ్ బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోయింది. ఇక్కడ, కొరీన్ పక్కన, మిస్ యూడోరా చెయ్యి లేచింది.

రోజూ పొద్దునా సాయంత్రం చూసే చెయ్యే. కొరీన్ చప్పున దాన్ని పట్టుకుని బల్ల మీదికి దించబోయింది. "మిస్ యూడోరా, వద్దు. అతిథులు లేవకూడదు. కవరు ఇంకా ఇవ్వలేదు."

"లేపు."

"మీ పిన్ను పోతుంది. నా... అంతా పోతుంది."

"తెలుసే. లేపు."

చుట్టుపక్కల ముఖాలు ఇటు తిరిగాయి. లేపకపోతే ముసలావిడ తనంతట తాను లేవలేదు. అలా చెయ్యెత్తుకుని కూర్చునే ఉంటుంది, తర్వాతి పేరు వచ్చేస్తుంది, కాఫీ వస్తుంది, కవరు చేతులు మారుతుంది, నెలాఖరుకి తను సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇదంతా కొరీన్‌కి చాలా స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు లేపితే ఇంకో ముసలాడి కోసం ఇంకో మూడేళ్లు పిడి తిప్పాలి. అదీ కనిపించింది. అయినా చంక కింద భుజం పెట్టి, తన నడుము కలుక్కుమన్నా ఓర్చుకుని, ఆవిడని లేపి నిలబెట్టింది.

మిసెస్ పెల్ కళ్లజోడు మీదుగా చూసింది. "అతిథులు లేవనక్కర్లేదమ్మా," అంది మర్యాదగానే.

"లేవనక్కర్లేదని తెలుసండీ." మిస్ యూడోరా గొంతు పెద్దది కాదు గానీ హాలంతా వినబడింది. "ఐజక్ మెరిక్, కౌలు రైతు. మంకుపట్టు ఆయనది కాదు, ఇంకో ఐజక్‌ది. మావాడు దొరగారి నేల కౌలుకి తీసుకుని వంద ఆపిల్ చెట్లు పెంచాడు. పెళ్లాం రేచల్, కొడుకులు జాన్, లెవిన్. నేను లెవిన్ తాలూకు."

ముందు బల్ల దగ్గర మిస్ వినిఫ్రెడ్ సగం లేచి ఉంది. లేవడానికి ఆమెకి పూర్తి హక్కుంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె నిటారుగా లేవలేదు. మెల్లగా కూర్చుండిపోయి, ఒళ్లో రుమాలు సర్దుకుంది. ఆ హాల్లో ఐజక్ మెరిక్ పేరు మీద నిలబడి ఉన్నది ఏ హక్కూ లేని ముసలావిడ ఒక్కతే.

ఎవరో చెంచా జారవిడిచారు. మిసెస్ పెల్ తర్వాతి పేరు చదివింది. మిస్ యూడోరా కూర్చుని, రొట్టె తుంచి వెన్నలో అద్దుకుంది. కాఫీ వచ్చింది. ఎవరూ వాళ్ల బల్ల దగ్గరికి రాలేదు. కవరు కొరీన్ సంచీలోనే ఉండిపోయింది.

బయట మెట్ల దగ్గర మిస్ వినిఫ్రెడ్ వెనకే వచ్చింది. చేతికర్ర మరిచిపోయి వచ్చింది.

"ఏంటి యూడోరా ఈ పని? ఎవరికి లాభం? నేను పోయేదాకా సభ్యురాలినే. నష్టపోయింది నువ్వే."

"అవును. నీ పిన్ను ఎవడూ పీకడులే." మిస్ యూడోరా చేతిసంచీలోంచి మడతలు పెట్టిన నకలు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "పెద్దాఫీసుకి నేనేం పంపను. పంపుతావో, పొయ్యిలో పెడతావో, మనవరాలికి చదివి వినిపిస్తావో నీ ఇష్టం. మీ జాన్ కూడా అందులోనే ఉన్నాడు."

మిస్ వినిఫ్రెడ్ మడతలు విప్పింది. కొరీన్ అత్తగారిని కార్లో కూర్చోబెట్టి, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి లోపల పెట్టి, బెల్టు బిగించింది. తను ఇటు వచ్చి కూర్చుని తాళం పెట్టింది గానీ తిప్పలేదు. ఏడుపు రావడం లేదు, కోపం రావడం లేదు. అలసట ఒక్కటే వస్తోంది.

"ఇక ఎవర్ని వెతకాలి?" అంది. "మీ అమ్మగారి వైపా? మంగళవారం మొదలుపెడతాను."

"ఎవర్నీ వద్దు. వెతికినవాడు దొరికాడుగా. కాగితం పని అయిపోయింది."

కొరీన్ తల తిప్పి చూసింది.

"నెలాఖరు దాకా ఎందుకు, మీ చెల్లెలు ఆ గది అద్దెకిచ్చేయకముందే వెళ్లు. నిన్న పెరట్లో నువ్వు ఫోన్ చేస్తే వినపడదనుకున్నావా? నా ప్రాణం మీద కౌలుకి నిన్ను కూచోబెట్టింది చాలు."

కొరీన్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అలాగే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఈ మనిషి తనకి ఏదైనా ఇచ్చిందా అంటే ఇదే. పుచ్చుకోవడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

"మరి మిమ్మల్నెవరు చూస్తారు?"

"ఏం, నాకు చుట్టాలు లేరా?" మిస్ యూడోరా గడ్డంతో అద్దం అవతలికి చూపించింది. హాలు మెట్ల మీద మిస్ వినిఫ్రెడ్ ఇంకా అక్కడే నిలబడి, కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదువుకుంటోంది. "నలభై ఏళ్లు రుజువు లేదు, రుజువు లేదు అంది. అదిగో, చేత్తో పట్టుకునే నిలబడింది చూడు."